గెలవని మంచివాడికి వేస్తే ఓటు మురిగిపోయినట్టేనా?

ఉక్కునగరం_వాసి

అందరికీ నమస్కారం. కార్పొరేషన్ ఎన్నికల మాట వినిపిస్తున్న దగ్గర్నుంచి మా ఇంట్లో భోజనాల దగ్గర ఇదే గొడవ. మీరేమంటారో చూద్దామని ఇక్కడ పెడుతున్నా.

మా వార్డులో తిరుగుతున్నవాళ్లు ముగ్గురు. ఇద్దరు పెద్ద పార్టీల మనుషులు. మూడో ఆయన ఇండిపెండెంట్, రిటైరైన లెక్చరర్. మా వీధి కుళాయిల్లో మురుగు కలిసినప్పుడు ఆ నీళ్లు సీసాల్లో పట్టి, ఒక్కోదానికి వీధి పేరు, తేదీ రాసిన చీటీ అంటించి, సోమవారం సోమవారం గ్రీవెన్స్‌కి పట్టుకెళ్లి అధికారుల టేబుల్ మీద వరసగా పెట్టి వచ్చేవారు. పైపు మార్చేదాకా వదల్లేదు. నాకూ మా ఆవిడకీ ఆయనకే వెయ్యాలనుంది.

మా నాన్న ఒప్పుకోరు. "ఆయన గెలవడు. మీ రెండు ఓట్లూ మురిగిపోతాయి, పైగా ఆ కబ్జాలవాడు నెత్తికెక్కుతాడు" అంటారు. పెద్ద పార్టీల ఇద్దరిలో ఒకాయనకి నిజంగానే ఆ పేరుంది.

నాన్న మాట తీసిపారెయ్యడానికీ లేదు. 2019లో విశాఖ ఎంపీ సీటు గుర్తుందిగా. జనసేన నుంచి లక్ష్మీనారాయణ గారికి 2.88 లక్షల ఓట్లొచ్చాయి, అయినా మూడో స్థానమే. మొదటి ఇద్దరి మధ్య తేడా 4,414. నేను వేసింది ఆ మూడో స్థానానికే. దానికి నాకు చింత లేదు గానీ, ఆ 4,414 అంకెని మా నాన్న ఇప్పటికీ వదలరు.

మనసుకి నచ్చినవాడికి వెయ్యాలా, వద్దనుకున్నవాణ్ణి ఆపగలిగినవాడికి వెయ్యాలా? దయచేసి పార్టీల తిట్ల పురాణం మొదలుపెట్టొద్దు.

కాకినాడ_కాజా

ఇందులో ఆలోచించడానికేముందండీ. నీళ్ల సీసాలు మోసినాయనకి వెయ్యకపోతే ఇంకెవరికి వేస్తారు?

లెక్కల_రావు

కాజా గారూ, అంత తేలిక కాదు. విజయవాడ సెంట్రల్, 2019. గెలుపు తేడా 25 ఓట్లు. మళ్లీ చెప్తున్నా, ఇరవై ఐదు. అదే సీట్లో జనసేన పొత్తుతో సీపీఎం కూడా ఉంది. వాళ్లకొచ్చిన ఓట్లు వేలల్లో. ఒక్క అపార్ట్‌మెంట్‌లో వాళ్లు మనసు మార్చుకున్నా ఎమ్మెల్యే మారిపోయేవాడు.

మన పద్ధతిలో అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడు గెలిచినట్టే, సగం మంది ఒప్పుకోనక్కర్లేదు. మూడోవాడికి ఇది ఎంత గడ్డుదో 2009 చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో ప్రజారాజ్యానికి 16 శాతం పైగా ఓట్లొచ్చాయి, సీట్లు 18. కాంగ్రెస్‌కి 36.5 శాతానికి 156. అంటే ఓట్లు రెండింతలకి కాస్త ఎక్కువ, సీట్లు ఎనిమిదింతలకి పైన. ఇలాంటి పద్ధతి ఉన్నచోట కాలక్రమేణా రెండు పెద్ద పార్టీలే మిగులుతాయని ఫ్రాన్సుకి చెందిన డువెర్జే అనే ఆయన ఎప్పుడో చెప్పాడు. కారణం మీ నాన్నగారు చెప్పిందే, ఓటు మురిగిపోతుందన్న భయం.

ఇంకో సంగతి. ఎంపీ ఎన్నికలో ఓటర్లు లక్షల్లో ఉంటారు, వార్డులో వేలల్లోనే. అంటే మీ రెండు ఓట్లే ఫలితం తేల్చే అవకాశం వార్డులోనే ఎక్కువ. కబ్జాల పేరున్నాయన గెలవకూడదన్నది మీకు అంత ముఖ్యమైతే, నేనైతే నాన్నగారి మాటే వింటా.

కూకట్‌పల్లి_పాతకాపు

రావు గారూ, 2009 గురించి చెప్పి కూకట్‌పల్లి మర్చిపోయారు. లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ గారు నిలబడితే మా కాంప్లెక్స్‌లో ప్రతివాడూ "మంచాయనే, కానీ గెలవడు" అన్నాడు. లిఫ్ట్‌లో అదే మాట, పాల బూత్ దగ్గర అదే మాట. తీరా చూస్తే ఆ మాట అన్నవాళ్లే పోయి ఆయనకి వేసొచ్చారు! గెలిచారు. అందరూ "గెలవడు" అని నమ్మి వేరేవాళ్లకి వేసుంటే నిజంగానే గెలిచేవారు కాదు. అది జోస్యం కాదండీ, మనమే చేతులారా చేసుకునే పని.

లెక్కల_రావు

ఒప్పుకుంటా. మరి 294 సీట్లున్న సభలో లోక్‌సత్తా గెలిచినవి ఎన్ని? ఆ ఒక్కటే.

కూకట్‌పల్లి_పాతకాపు

ఆ ఒక్కటి మాదే కదా. నేను ఓటేసేది 294 చోట్ల కాదుగా.

ఏజెంట్_అన్న

బూత్ ఏజెంట్‌గా చాలా ఎన్నికలు చూసినవాణ్ణి. ఏ పార్టీ అని అడగొద్దు, రెండిట్లోనూ చేశా 🙂

ముందు ఒక ప్రశ్న. మూడోవాడు గెలవడని మీకు చెప్పిందెవరు? మొదటి ఇద్దరే. మేం ఇంటింటికీ స్లిప్పులు పంచేటప్పుడు మాకు చెప్పి పంపే మొదటి మాట అదే: "అటు వెయ్యొద్దు అనకు, అటు వేస్తే వేస్టు అను." తిడితే జనానికి కోపం వస్తుంది. వేస్టు అంటే ఆలోచనలో పడతారు. సర్వే అని ఒకటి వాట్సాప్‌లో తిరుగుతుంది, ఎవరు చేశారో ఎవరికీ తెలీదు. దాంట్లో మూడోవాడికి ఎప్పుడూ నాలుగు శాతమే.

ఇంకో సంగతి. ఓడినవాడికి పడిన ఓటుని ఎవరూ చూడరనుకుంటారు. అసెంబ్లీ ఎన్నికల తర్వాత ఫారం 20 అని ఒకటి పెడతారు. ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని పడ్డాయో వరస వరసనా ఉంటుంది. కౌంటింగ్ అయిన వారానికల్లా నాయకుడు మమ్మల్ని కూర్చోబెట్టి స్కేలు పెట్టి ఒక్కో గీత చదువుతాడు. "ఈ బూత్‌లో ఇండిపెండెంట్‌కి డెబ్భై ఎలా పడ్డాయిరా? ఎవరి ఇళ్లు? ఏం కావాలంట వాళ్లకి?" ఆ డెబ్భై మంది దగ్గరికి తర్వాతి నెలలోనే మనిషి వెళ్తాడు. గెలిచినవాడికి పడిన ఓట్ల గురించి మాత్రం ఎవరూ అడగరు, అవి మా జేబులోవే అనుకుంటాం.

కానీ తమ్ముడూ, నీ ఇండిపెండెంట్ నిజంగా ఇండిపెండెంటేనా అన్నది చూసుకో. ఎదుటివాడి ఓటు చీల్చడానికి ఖర్చు పెట్టి నిలబెట్టేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. మైకు ఆటో డబ్బులు ఎవరిస్తున్నారో అడుగు. బూతుల్లో ఆయన ఏజెంట్లుగా ఎవరు కూర్చుంటున్నారో చూడు. గెలుపు మీద నిజంగా ఆశ ఉన్నవాడు ఏజెంట్లు లేకుండా పోలింగ్‌కి రాడు.

ఉక్కునగరం_వాసి

అన్నా, మైకు ఆటోయే లేదు, ఆయన స్కూటర్ మీద తిరుగుతున్నారు. ఏజెంట్ల సంగతి అడుగుతా.

సిర్పూర్_సింహం

ఈ "చీల్చిన ఓట్లు" అనే మాట వింటేనే నాకు మంట. 2023లో మా సిర్పూర్‌లో బీజేపీ గెలిచింది, బీఆర్ఎస్ మూడు వేల పైచిలుకు తేడాతో ఓడింది. బీఎస్పీ నుంచి ఆర్ఎస్ ప్రవీణ్ కుమార్ గారికి 44 వేలకు పైగా వచ్చినయ్. తెల్లారి నుంచి ఒకటే పాట, "ఏనుగు ఓట్లు చీల్చింది" అని. ఎవరి ఓట్లు చీల్చింది? ఆ ఓట్లు అంతకుముందు ఎవరి పేరు మీదైనా రిజిస్ట్రీ అయి ఉన్నయా?

మా వాడలో చాలామంది జీవితంలో మొదటిసారి, ఎవరో చెప్పారని కాకుండా, మనోడు అని వేసిన ఓటు అది. గెలుపు గుర్రం చూసుకుని వేసుడు మా తాతల కాడి నుంచి చేస్తనే ఉన్నం. అట్ల వేసినన్ని రోజులు మా దిక్కు చూసినోడు లేడు. మేం విడిగా లెక్కకొచ్చినంకనే పిలిచి కూర్చోబెట్టి మాట్లాడుడు మొదలైంది.

కాకినాడ_కాజా

సింహం అన్నా, మాట బాగుంది. మరి ఆయన తర్వాత 2024లో ఆ బీఆర్ఎస్‌లోకే వెళ్లారు కదా?

సిర్పూర్_సింహం

వెళ్లిండు. నచ్చనోళ్లకు నచ్చలే. ఆయన పోయిండని నేను వేసిన ఓటు తప్పైపోతదా? ఓటు నా మాట, ఆయన ఆస్తి కాదు.

లెక్కల_రావు

దీని మీద నాకు కాస్త తేడా ఉంది అన్నా. నమ్మకంతో వేసిన ఓటు ఐదేళ్లు ఆ నమ్మకాన్ని మొయ్యగల మనిషి చేతిలో పెడితేనే ఉపయోగం. 2009లో ప్రజారాజ్యానికి వేసినవాళ్లు మార్పు కోసమని వేశారు, 2011లో అది పోయి కాంగ్రెస్‌లోనే కలిసింది. మా మేనమామ ఇప్పటికీ టీవీలో ఆ పేరు వస్తే ఛానల్ మారుస్తాడు.

చర్చా_నిర్వాహకుడు

రెండు కామెంట్లు తీసేశాను. ఒకటి కులం పేరుతో, ఇంకోటి ఓటుకి ఎంతిస్తున్నారన్న ధరల పట్టిక. చర్చ బాగా నడుస్తోంది, పాడు చెయ్యకండి.

కొత్త_ఓటరు

నాకు ఇదే మొదటి ఓటు. ఎవరూ నచ్చకపోతే నోటా నొక్కొచ్చు కదా? అదే కదా అసలైన మనస్సాక్షి ఓటు.

ఏజెంట్_అన్న

నొక్కొచ్చు తమ్ముడూ, నీ హక్కు. కానీ గెలుపు ఓటములు మారవు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. నోటాకే అందరికన్నా ఎక్కువ పడినా, దాని తర్వాత ఉన్న అభ్యర్థే గెలిచినట్టు. 2024లో ఇందోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ వెనక్కి తీసుకుంటే నోటాకి రెండు లక్షలకు పైగా పడ్డాయి. గెలిచినవాడు గెలిచాడు. ఇక్కడ ఉక్కునగరం తమ్ముడికి నచ్చినవాడు ఉన్నాడు కాబట్టి నోటా ప్రశ్నే లేదు.

పెన్షన్_మాస్టారు

ఆలస్యంగా చూశాను. మనస్సాక్షి ఓటు అన్నారు కాబట్టి పాత కథ ఒకటి చెప్పాలి, మన తెలుగువాళ్ల కథే.

1969లో జాకీర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగా పోయారు. రాష్ట్రపతి పదవికి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరి గారు రాజీనామా చేసి ఇండిపెండెంట్‌గా నిలబడ్డారు. ఇద్దరూ మనవాళ్లే. ప్రధాని ఇందిరాగాంధీకి తన పార్టీ పెద్దలు పెట్టిన అభ్యర్థి ఇష్టం లేదు. ఎంపీలు, ఎమ్మెల్యేలు "అంతరాత్మ ప్రబోధం" ప్రకారం ఓటెయ్యాలన్నారు. ఆ మాట అప్పట్లో ఇంటింటా నలిగింది. కాఫీ కావాలా టీ కావాలా అంటే అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఇవ్వవోయ్ అనేవాళ్లు.

ఆ ఎన్నికలో ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్య ఓట్లు వేస్తారు. మొదటి లెక్కలో గిరి గారికి 4,01,515, రెడ్డి గారికి 3,13,548, స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు నిలబెట్టిన సి.డి. దేశ్‌ముఖ్ గారికి 1,12,769. గెలవాలంటే 4,18,169 కావాలి, ఎవరికీ రాలేదు. వెనకబడినవాళ్లని ఒక్కొక్కరినే తీసేసి, వాళ్ల ఓట్లలో తర్వాతి ప్రాధాన్యం ఎవరికుంటే వాళ్లకి కలుపుతూ పోయారు. దేశ్‌ముఖ్ గారి ఓట్లలో ఎక్కువ భాగం రెడ్డి గారికే వెళ్లాయి. అయినా చివరికి గిరి గారు 4,20,077, రెడ్డి గారు 4,05,427. అంత దగ్గరగా తేలిన రాష్ట్రపతి ఎన్నిక ఇంకోటి లేదు.

నేను చెప్పదలచుకున్నది రెండు ముక్కలు. "అంతరాత్మ" అన్న పిలుపే ఆ రోజుల్లో అతి పెద్ద ఎత్తుగడ. కాబట్టి నమ్మకం ఓటు పవిత్రం, వ్యూహం ఓటు అపవిత్రం అని గీత గీయడం నాకు నచ్చదు. రెండోది, దేశ్‌ముఖ్ గారికి వేసినవాళ్లని ఎవరూ ఓటు చీల్చారని తిట్టలేదు. తమకి నచ్చినాయన పేరు పక్కన ఒకటి వేశారు, ఆపాలనుకున్నవాళ్లని ఆపడానికి రెండు వేశారు. మీ వార్డులో ఆ రెండో గడి ఉంటే ఈ చర్చే పుట్టేది కాదు.

నల్గొండ_పిల్ల

మాస్టారూ, ఆ రెండో గడి మాకూ ఉంటుంది, ఎమ్మెల్సీ గ్రాడ్యుయేట్ ఎన్నికల్లో. 2021లో నల్గొండ-ఖమ్మం-వరంగల్‌కి 71 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పేపర్ పరిస్తే బల్ల చాలలేదు. పల్లా రాజేశ్వర్ రెడ్డి గారు, తీన్మార్ మల్లన్న గారు, కోదండరాం గారు మొదటి ముగ్గురు. లెక్కింపు రోజుల తరబడి సాగింది, కింది నుంచి ఒక్కొక్కరినే తీసేస్తూ.

కానీ ఏమైందంటే, మాకు ఒకటి, రెండు వేసే అవకాశం ఇచ్చినా చాలామంది వాడుకోలేదు. సెంటర్ బయట కార్యకర్తలు "అక్కా, ఒకటి మాత్రమే వెయ్యండి, రెండోది ఇంకొకరికి వేస్తే మనోడికి నష్టం" అని చెవిలో జోరీగల్లా చెప్పారు. నా ఫ్రెండ్స్ సగం మంది అట్లనే వేసి వచ్చారు. ఇది నిజమేనా? రెండోది వేస్తే మొదటాయనకి దెబ్బా?

లెక్కల_రావు

అబద్ధం. రెండో ప్రాధాన్యం చూసేదే మీ మొదటాయన పోటీ నుంచి తొలగించబడ్డాక. ఆయన బరిలో ఉన్నంతసేపు ఆ అంకె వైపు ఎవరూ చూడరు. ఆయన పోయాక మీరు రెండు వెయ్యకపోతే మీ కాగితం పక్కన పెట్టేస్తారు, అక్కడితో మీ పాత్ర అయిపోతుంది. "ఒక్కటే వెయ్యి" అని చెప్పడంలో పార్టీకి లాభముంది, మీ ఓటు ఇంకొకడికి ఉపయోగపడదు కాబట్టి. మీకేమీ లేదు.

ఉక్కునగరం గారి చిక్కుకి మందు ఇదే, మన దగ్గరే ఉంది. ప్రజలు నేరుగా వేసే అసెంబ్లీ, లోక్‌సభ, వార్డు ఎన్నికలకి మాత్రం పెట్టలేదు.

మెల్‌బోర్న్_మధు

ఆ మందు రోజూ మింగేవాణ్ణి నేను చెప్తా. ఆస్ట్రేలియాలో కింది సభకి ఆకుపచ్చ కాగితం ఇస్తారు, ప్రతి పేరు పక్కన అంకె వెయ్యాలి, ఒకటికి మించి వదిలేస్తే చెల్లదు. ఓటుకి రాకపోతే 20 డాలర్ల ఫైన్. 1918లో స్వాన్ అనే చోట ఉప ఎన్నిక జరిగితే ఒకే వైపు ఓట్లు రెండు ముక్కలై మూడోవంతు ఓట్లతోనే లేబర్ గెలిచింది. ఓట్లు చీలిన బాధతో వెంటనే ఈ పద్ధతి తెచ్చారు. అంటే మీ విశాఖ బాధే.

ఇక్కడ నేను నిశ్చింతగా చిన్న పార్టీకి 1 వేస్తా, ఆ తర్వాత పెద్దవాళ్లలో నయమైనవాడికి ముందు అంకె. మావాళ్లు మాత్రం బూత్ బయట పార్టీవాళ్లు పంచే కార్డు చూసి అదే వరసలో అంకెలు దించేసి వస్తారు.

అలాగని తంటాలు లేవని కాదు. 2025లో మా మెల్‌బోర్న్ సీట్లో గ్రీన్స్ నాయకుడు ఆడమ్ బాండ్ట్‌కి మొదటి ప్రాధాన్య ఓట్లు అందరికన్నా ఎక్కువ. అయినా ఓడిపోయాడు. మూడో స్థానంలో ఉన్న లిబరల్ ఓటర్ల అంకెలు ఎక్కువ భాగం లేబర్‌కి చేరాయి. ఆయనకి వేసిన మా పక్కింటి కుర్రాడు "మొదటి వచ్చినవాడు ఓడటమేంటి" అని వారం తిట్టుకున్నాడు.

లెక్కల_రావు

ఏ పద్ధతి పెట్టినా కొంత ఎత్తుగడకి చోటు ఉంటుంది మధు గారూ. ముగ్గురూ అంతకన్నా ఎక్కువమందీ ఉన్నప్పుడు, ఒక్కడి ఇష్టమే చెల్లే నియంతృత్వం తప్ప, మనసులో మాట కాకుండా లెక్క చూసుకుని వేస్తే లాభం వచ్చే సందర్భం ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుందని గిబ్బార్డ్, శాటర్త్‌వెయిట్ అనే ఇద్దరు 1970ల్లో విడివిడిగా నిరూపించారు. ఎంత తరచుగా వస్తుందన్నదే తేడా. మా పద్ధతిలో ప్రతి ఎన్నికకీ వస్తుంది, మీ దగ్గర అరుదుగా.

కాకినాడ_కాజా

నా మొదటి కామెంట్ మరీ పొట్టిగా రాశాను, ఇప్పుడు కాస్త వివరంగా. ఓటు చీలకుండా చూడటం అసలు ఓటరు పనేనా? 2019లో జనసేన విడిగా పోటీ చేసి ఒక్క రాజోలు గెలిచింది, పవన్ కళ్యాణ్ గారు భీమవరం, గాజువాక రెండూ ఓడారు. 2022లో ఇప్పటం సభలో ఆయనే "ప్రభుత్వ వ్యతిరేక ఓటు చీలనివ్వం" అన్నారు. 2024లో పొత్తు పెట్టుకుని 21 చోట్ల నిలబడి 21 గెలిచారు. మీ విశాఖ ఎంపీ సీటే చూడండి. 4,414తో పోయిన సీటు అదే టీడీపీ అభ్యర్థి 5 లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచాడు. ప్రభుత్వం మీద కోపం కూడా ఉంది, కాదనను. కానీ లెక్క వెయ్యాల్సింది నాయకులు, వాళ్లు వేశారు. 2019లో ఓటరు చేతిలో పెట్టి నువ్వు తేల్చుకో అంటే ఓటరేం చేస్తాడు? రహస్యంగా ఒక్కడే నిలబడి, పక్క గదిలో ఎవడేం నొక్కుతున్నాడో తెలియకుండా వ్యూహం పన్నాలా?

సిర్పూర్_సింహం

పొత్తు పెట్టుకున్నా ఓట్లు కూడిక లెక్క కాదు కాజా గారూ. 2018ల మా దగ్గర కాంగ్రెస్, టీడీపీ, టీజేఎస్, సీపీఐ కూటమి కట్టినయ్. టీఆర్ఎస్‌కు 88, కాంగ్రెస్‌కు 19, టీడీపీకి 2. టీడీపీ వచ్చి చేరిందనే కోపంతో అటు పడ్డ ఓట్లు ఎన్నో. నాయకులు చేతులు కలిపినంత మాత్రాన జనం మనసులు కలవవు.

ఏజెంట్_అన్న

ఉక్కునగరం తమ్ముడూ, నా చివరి మాట. పోలింగ్‌కి ముందు వారం మీ లెక్చరర్ గారి ఏజెంట్ల లిస్టు చూడు. మీ వార్డులో ఉన్న ప్రతి బూత్‌కీ మనిషి దొరికితే ఆయన గట్టి పోటీలో ఉన్నట్టే, నాన్నగారికి కూడా చెప్పు. సగానికి కూడా దొరక్కపోతే అప్పుడు ఇద్దరిలో ఎవరిని ఆపాలో ఆలోచించు.

ఉక్కునగరం_వాసి

అడిగొచ్చా అన్నా. 14 బూతులకి 9 మంది ఉన్నారట, అందరూ ఆయన పాత విద్యార్థులు. పదోవాడిగా నా పేరు రాయించి వచ్చా. ఓటెవరికి అన్నది ఇక వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

లెక్కల_రావు

బూత్‌లో కూర్చునేవాడు పొద్దున పోలింగ్ మొదలవకముందే వెళ్లాలి, మర్చిపోకండి.

నల్గొండ_పిల్ల

మధ్యలో నాదొక డౌట్. గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీకి పోయినసారి వేశాను కాబట్టి ఈసారి నా పేరు లిస్టులో ఉన్నట్టేనా?

ఏజెంట్_అన్న

ఉండదమ్మా. ఆ లిస్టు ప్రతిసారీ కొత్తగా తయారు చేస్తారు. పేరు నమోదుకి ఫారం 18 మళ్లీ పెట్టుకోవాలి, డిగ్రీ కాపీ జత చెయ్యి. ఓటేసేటప్పుడు వాళ్లిచ్చే ఊదారంగు పెన్నుతోనే అంకె వెయ్యి, నీ సొంత పెన్నుతో వేస్తే చెల్లదు. టిక్కు కూడా పెట్టొద్దు, అంకె మాత్రమే.